చెవి పాఠంలో వదిలేసిన వాక్యం

మా ఇంట్లో దీపం ఆర్పితే మాటలు ఆగిపోయేవి. మా బాపుకి, అంటే నాన్నకి, చెవులు వినపడవు. సిరిసిల్ల వైపు నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, లింబాయత్‌లో సాంచాల మీద పనిచేసీ చేసీ రెండు చెవులూ ఆ చప్పుడుకే ఇచ్చేశాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. ఒక్కటి ఆడుతుంటేనే పక్కనున్న మనిషి మాట వినపడదు. అవి వరసలు వరసలుగా ఆడే రేకుల షెడ్డుని అక్కడ ఖాతా అంటారు. ఖాతాలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఏళ్ల తరబడి నిలబడితే చెవిలో ఇంకేం మిగులుతుంది?

అందుకే అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదాలు కాస్త సాగదీసి కదుపుతారు, చేత్తో సైగ చేస్తారు. నాలుగు సాంచాల అవతల ఉన్నవాడు ఆ పెదాలు చూసి చదువుకుంటాడు, నవ్వుతాడు, తిరిగి తిడతాడు. మా ఇంటి భాష కూడా అదే. అమ్మ నేను ఏడో తరగతిలో ఉండగా పోయింది. ఆ తర్వాత ఆ ఒక్క గదిలో మేమిద్దరమే. బాపుతో మాట్లాడాలంటే దీపం వైపు తిరిగి, నోరు స్పష్టంగా కదిపితే చాలు. గొంతు దండగ. చిన్నప్పుడు గొంతుతోనే మాట్లాడేదాన్ని, రానురాను మానేశాను. వినే చెవి లేనప్పుడు ఎవరి కోసం?

గల్లీలో వాళ్లకి మేం మంచి వినోదం. "చెవిటోని ముంగట శంఖం ఊదినట్టు" అనే సామెత నా ఎదుటే, నాకు వినపడేలా అనేవాళ్లు. నాకు చెవులు బాగానే ఉన్నాయన్న సంగతి మరిచిపోయేవాళ్లో, లేక మరవకుండానే అనేవాళ్లో. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకామె మొహం మీదే తలుపు వేశాను కూడా. దాంతో మా గడప తొక్కే ఒకరిద్దరు కూడా రావడం మానేశారు.

పన్నెండో తరగతి అయ్యాక ఒక ఏడాది ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుట్టాను, రాళ్లు అంటించాను. మా గల్లీలో ఆడవాళ్ల చేతులన్నీ చేసే పని అదే. ఒక రాయి, కాస్త జిగురు, ఇంకో రాయి. కళ్ల ముందు మెరుపు తప్ప ఏమీ కనపడని ఏడాది అది. మరుసటి ఏడు నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. ఆ సీటు పోతే నేను మళ్లీ ఆ జిగురు డబ్బా దగ్గరికే. ఇది నాకూ తెలుసు, బాపుకీ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదంతే.

పదో తరగతి దాకా మునిసిపల్ బడిలో తెలుగు మీడియం చదివాను. తర్వాత రెండేళ్లు గుజరాతీ. నర్సింగులో అంతా ఇంగ్లీషు. అనాటమీ, ఫిజియాలజీ అనే పేపరు మొదటి ఏడాదికి కాపలా కుక్కలాంటిది. దాన్ని దాటితేనే లోపలికి. మనిషి ఒంట్లో ఏది ఎక్కడుందో, ఏది ఎట్లా పనిచేస్తుందో రాసి చూపించాలి, ఆ తర్వాత నోటితో చెప్పాలి.

ఏడాది మధ్యలో మా టీచరమ్మ నోటి పరీక్ష పెట్టింది. అందర్నీ గాజు బీరువాలోని ఎముకల గూడు ముందు నిలబెట్టి, ఒక్కొక్కరిని అడిగింది. నన్ను చేతి ఎముకలు అడిగింది. నాకు వచ్చు. భుజం దగ్గర మొదలుపెట్టి వేళ్ల కొసల దాకా ఒక్కటీ తప్పకుండా చెప్పాను. చెప్పానని అనుకున్నాను. చూస్తే టీచరమ్మ నా వైపు వింతగా చూస్తోంది, వెనక అమ్మాయిలు మూతికి చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. భయంతో నాకు తెలియకుండానే ఇంటి పద్ధతిలో చెప్పేశాను. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు.

"నోట్లో నీళ్లు పోసుకున్నావా?" అంది టీచరమ్మ హిందీలో.

మళ్లీ చెప్పమంది. ఈసారి గొంతు తెరుద్దామని చూస్తే పెగల్లేదు. ఏళ్లుగా వాడని తలుపు గొళ్లెం బిగుసుకుపోయినట్టు అయింది. టీచరమ్మ చెడ్డది కాదు. అందరూ వెళ్లాక నన్ను ఆపి ఉన్నమాట చెప్పింది. "ఫైనల్లో బయటి నుంచి పరీక్షాధికారి వస్తాడు. ఇట్లాగే నిలబడ్డావంటే రెండో సంవత్సరం నీకు లేదు. పుస్తకం తీసి గట్టిగా చదువు. నీ మాట నీకు వినపడేలా చదువు."

చెప్పడం ఎంత తేలికో. నాకు పుస్తకమూ లేదు, గట్టిగా చదివే చోటూ లేదు.

కాలేజీ లైబ్రరీలో అనాటమీ పుస్తకాలు ఎర్ర చీటీ అంటించి బీరువాలో ఉండేవి. ఎర్ర చీటీ అంటే ఇంటికి ఇవ్వరు, అక్కడే చూసి అక్కడే పెట్టాలి. క్లాసులు అయ్యేసరికి వాటి చుట్టూ హాస్టలు అమ్మాయిలు గుంపుగా కూర్చుని ఉండేవాళ్లు. వాళ్ల తలల మధ్యనుంచి నాకు కనిపించేది ఎప్పుడూ పేజీ మూలే. మిగతావాళ్లు ఫోన్లో పుస్తకాలు పంచుకునేవాళ్లు. నా ఫోను తెర మధ్యకి పగిలి ఉండేది. ఏ బొమ్మ తెరిచినా దానికి ఆపరేషను చేసి కుట్లు వేయడం మరిచినట్టు కనిపించేది. వీడియోలు చూశాను. అందులో ఆవిడ చెబుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆపేస్తే ఆవిడ కట్టుకున్న చీర తప్ప ఏమీ గుర్తుండదు.

ఒక ఆదివారం క్లాసు అమ్మాయిలందరూ టమాటా భజియాలు తిందామని డుమస్ బీచికి వెళ్లారు. "నువ్వూ వస్తావా?" అని ఒకమ్మాయి అడిగింది గానీ, అడిగేటప్పుడే ఆమె కాళ్లు అవతలివైపు తిరిగి ఉన్నాయి. పనుందని చెప్పాను. ఆ పని కల్పించుకోవడానికి ఊళ్లో ఉన్న పెద్ద లైబ్రరీకి వెళ్లాను. నిజం చెప్పాలంటే అక్కడికి చదువు కోసం వెళ్లలేదు. ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కాబట్టి వెళ్లాను.

ఆ లైబ్రరీ చదువుకునే హాల్లో సర్కారీ ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యేవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు. బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టు కుర్చీల మీద రుమాళ్లు, నీళ్ల సీసాలు, ఇంటి నుంచి తెచ్చుకున్న మెత్తలు. గోడ మీద పెద్ద అక్షరాలతో శాంతి పాటించమని రాసి ఉంది. మా ఇంట్లో ఉన్నంత శాంతి ఇక్కడ కూడా ఉండదని నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

లైబ్రరీలో ఒక పెద్దావిడ ఉండేది. కళ్లద్దాలకు గొలుసు, ఎప్పుడూ నూలు చీర. శరీరం గురించి పుస్తకాలు కావాలని ఆమెను అడిగాను. నా గొంతు ఆమెకు వినపడలేదు. కాగితం మీద రాసి చూపించాను. ఆమె నన్ను ఆరోగ్యం అని రాసిన అర దగ్గరికి పంపింది. అక్కడ షుగరు ఉన్నవాళ్లు ఏం తినాలి, పొట్ట ఎట్లా తగ్గించాలి, అల్లంతో ఎన్ని రోగాలు పోతాయి అన్న పుస్తకాలు ఉన్నాయి. మనిషికి పొట్ట తగ్గించుకోవాలన్న తపనే గానీ, ఆ పొట్టలో ఏముందో తెలుసుకోవాలని లేదు. తర్వాత యోగా అర. తర్వాత బొమ్మలు వేయడం నేర్పే అర. అందులో కండరాల బొమ్మలు బాగున్నాయి గానీ పేర్లు లేవు. చివరికి రిఫరెన్సు గదిలో ఒక పెద్ద ఇంగ్లీషు పుస్తకం దొరికింది. రెండు చేతులా మోయాల్సినంత బరువు. మళ్లీ అదే ఎర్ర చీటీ.

అయినా ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. సెలవు దొరికిన సాయంత్రం కూడా వెళ్లేదాన్ని. ఒక పేరా చదవడానికి డిక్షనరీ పట్టుకుని గంట పట్టేది. గంట తర్వాత పేరా మొదట్లో ఏముందో గుర్తుండేది కాదు. పేజీ మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చునేదాన్ని. నా ఒంట్లో ఉన్నవాటి గురించే చదువుతున్నాను, అయినా అది ఎవరో పరాయి ఊరివాళ్ల సామానులా ఉండేది. ఒకసారి ఏడుపొచ్చింది. లైబ్రరీలో ఏడవడానికి ఒక సౌకర్యం ఉంది, ఎవరూ పలకరించరు.

ఆ పెద్దావిడ మాత్రం పలకరించింది. "ఇంట్లో ఏ భాష మాట్లాడతావు?" అని గుజరాతీలో అడిగింది.

తెలుగు అని చెప్పాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, "వెనక గదిలో తెలుగు అర ఒకటి ఉంది. ఎవరూ ముట్టుకోరు. అందులో ఏమున్నాయో చదవడం నాకు రాదు. నువ్వే చూసి నాకు చెప్పు" అంది.

ఒరియా అరకీ, మరాఠీ అరకీ మధ్య, కాలు విరిగిన కుర్చీల వెనక ఉంది తెలుగు అర. నా మోకాలి నుంచి భుజం వరకు ఎత్తు, అంతే. నవలలు, వ్రతకథలు, వంటల పుస్తకం, ఉత్తరాలు రాయడం ఎట్లా అన్న పుస్తకం. ఒక్కొక్కటి తీసి దుమ్ము దులుపుతుంటే కింది వరసలో అడ్డంగా పడుకోబెట్టిన లావు పుస్తకం తగిలింది. వెన్నుకి గుడ్డ టేపు వేసి ఉంది. మానవ శరీర శాస్త్రం. హైదరాబాదులో ఎప్పుడో కాలేజీ పిల్లల కోసం అచ్చయింది. అది సూరత్ ఎట్లా వచ్చిందో, ఎవరు తెచ్చి ఇచ్చారో తెలియదు. వెనక అట్టకి అంటించిన తేదీల చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. అంతకాలం అది అక్కడ నాలాగే కూర్చుని ఉంది.

ఎర్ర చీటీ లేదు. ఎవరికీ అక్కర్లేని పుస్తకానికి కాపలా ఎందుకు? పెద్దావిడ ముద్ర వేసి నా చేతిలో పెట్టింది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు రెండు చేతులా పట్టుకుని ఇంటికి వచ్చాను.

తెలుగు పుస్తకం కదా, గటగటా తాగేయవచ్చనుకున్నాను. తెరిస్తే క్లోమం, ప్లీహం, జఠరిక. ఈ తెలుగు ఎవరింట్లో మాట్లాడతారో నాకు తెలియదు. కానీ బొమ్మ పక్కన వాక్యం చదువుతుంటే, ఇంగ్లీషులో జరగనిది ఒకటి జరిగింది. మాట తెలియకపోయినా వాక్యం నన్ను వదిలి పోలేదు. ప్లీహం అంటే మా మటన్ దుకాణం వాడు ఊరికే వేసే తిల్లి అని పోల్చుకున్నాను. అక్కడి నుంచి ఒక దారి దొరికింది.

సాంచా మీద పడుగు అయిపోతే కొత్త పోగుల్ని మళ్లీ మొదటి నుంచి సన్నని కంతల్లోంచి దూర్చరు. అయిపోయిన పోగు కొసకి కొత్త పోగు కొసని ముడేసి లాగుతారు. పాతది కొత్తదాన్ని వెంటబెట్టుకుని దారిలో పెడుతుంది. దాన్ని మావాళ్లు అచ్చు అతకడం అంటారు. నేనూ అట్లాగే చేశాను. తిల్లికి ప్లీహం ముడేశాను, ప్లీహానికి ఇంగ్లీషు పేరు ముడేశాను. కార్జానికి కాలేయం, కాలేయానికి ఇంగ్లీషు. అప్పుడు ఆ ఎర్ర చీటీ పుస్తకం తెరిస్తే పేరాలో సగం మాటలు తెలిసిన మొహాల్లా కనిపించాయి.

ఇంక మిగిలింది గొంతు. గట్టిగా చదవాలి. లైబ్రరీలో గోడమీద శాంతి. ఇంట్లో గోడకవతల రాత్రి పాళీ చేసి వచ్చి పగలు పడుకునేవాళ్లు. ఒకరోజు గుండె పాఠం నాలుగు వాక్యాలు చదివానో లేదో, అటునుంచి గోడ మీద దబదబా కొట్టారు. మేడ మీదికి పోతే లేసులు కుట్టే ఆడవాళ్లు. వాళ్ల ముందు మూత్రపిండాల గురించి గట్టిగా చదివేంత ధైర్యం నాకు లేదు. ఇంత పెద్ద సూరత్‌లో, ఇంత రొద ఉన్న ఊళ్లో, నేను నోరు తెరవడానికి జానెడు చోటు దొరకలేదు.

చివరికి ఆ రొద దగ్గరికే వెళ్లాను. బాపు పగటి పాళీలో ఉన్న వారం, సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా ఖాతాకు పోయి, గోడ పక్కన ఖాళీ బాబిన్ల డబ్బా బోర్లించుకుని కూర్చున్నాను. ఖాతా యజమాని శేఠ్ ఒకసారి చూసి, చదువుకునే పిల్ల అని ఊరుకున్నాడు. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆడుతున్నాయి. ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, దంతాల్లోకి వస్తుంది. చెవుల్లో దూది దోపుకుని పుస్తకం తెరిచి నోరు తెరిచాను. గొంతు పెగిలింది. ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. నాకే వినపడీ వినపడనట్టు ఉంది. ఇంకా గట్టిగా అరిచాను. అమ్మ పోయిన తర్వాత నేను అంత గొంతు వాడింది అప్పుడే. ఊపిరితిత్తుల పాఠం మొత్తం అరిచి చదివాను.

బాపు సాంచాల మధ్య సందులో అటూ ఇటూ తిరుగుతూ నన్ను చూస్తున్నాడని ఆ రోజు గమనించలేదు. ఇంటికి నడిచి వస్తుంటే వీధి దీపం కింద ఆగి, నా వైపు తిరిగి అడిగాడు.

"ఊపిరితిత్తి కుడి దిక్కు మూడు తమ్మెలు, ఎడమ దిక్కు రెండే అన్నవు. గట్లెందుకు బిడ్డా?"

నా పెదాల మీద చదివాడు. ఇంగ్లీషైతే ఆయనకు ఒక్క ముక్క అందేది కాదు. తెలుగు కాబట్టి అందింది.

"ఎడమ దిక్కు గుండెకు జాగా ఇడ్వాలె గద బాపు" అన్నాను.

"మంచిగున్నది. పాలోళ్ల లెక్క జాగ పంచుకొని సర్దుకున్నయన్నట్టు" అని నవ్వి నడక సాగించాడు.

అప్పటి నుంచి పగటి పాళీ వారాల్లో రోజూ వెళ్లాను. బాపు పని ఆపేవాడు కాదు. కన్ను పడుగు మీద ఒకసారి, నా మూతి మీద ఒకసారి. నిన్న చెప్పిన పాఠమే ఇవాళ పుస్తకం మూసి చెబుతున్నప్పుడు ఎక్కడైనా ఒక ముక్క ఎగిరిపోతే చెయ్యి లేపి, రెండు వేళ్లు కలిపి చటుక్కున విడదీసేవాడు. పోగు తెగింది అని ఖాతా సైగ అది. అర్థం ఆయనకు సగమే తెలుసు. కానీ నిన్నటి పెదాల వరసకీ ఇవాళ్టి వరసకీ తేడా వస్తే పట్టుకునేవాడు. పోగు తెగితే సాంచా ఆపి అతకాలి, లేకపోతే ఆ గీత బట్ట పొడుగునా పడుతుందని ఆయన నమ్మకం. నేను ఆగి, పుస్తకం తెరిచి, ముక్క అతికి, మళ్లీ అందుకునేదాన్ని.

ఒకరోజు చెవి పాఠం వచ్చింది. బాపు ముందే కనిపెట్టాడు. నేను "చెవి" అనగానే సందు చివర నుంచి ఈ చివరకి వచ్చి నిలబడ్డాడు. చెవిలోపల మూడు చిన్న ఎముకలు ఉంటాయని, వాటి ఆకారాల్ని బట్టి సుత్తి, దాగలి, గుర్రపు జీనుకు వేలాడే అంకవన్నె అంటారని చెప్పాను.

ఆయన పెదాలు కదిలాయి. "ఏంది, సుత్తి, దాగలా? చెవిల కమ్మరి కొలిమి ఉన్నదా?"

నవ్వుతూనే ముందుకు పోయాను. నత్తగుల్లలాంటి గొట్టం, దానిలో నీరు, ఆ నీటిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు. చప్పుడు వచ్చి వాటిని ఊపితే మనకు వినిపిస్తుంది. పెద్ద చప్పుడులో ఏళ్ల తరబడి ఉంటే ఆ కణాలు చచ్చిపోతాయి. ఆ తర్వాత వాక్యం నా కంటబడింది. చచ్చిన కణాలు మనిషిలో మళ్లీ పుట్టవని, పోయిన వినికిడి తిరిగి రాదని అందులో ఉంది.

నోరు మూసేశాను. పుస్తకం పేజీ తిప్పి చర్మం పాఠం ఎత్తుకున్నాను.

బాపు అప్పుడప్పుడూ నా కాలేజీ గురించి ఇతరులతో చెప్పేటప్పుడు, "బిడ్డ నర్సైతే నా చెవులకు ఏదన్న మందు చూస్తది" అని నవ్వేవాడు. అది నవ్వులాటకే అన్నాడో, నిజంగానే ఆశ పెట్టుకున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. ఆ వాక్యం నా నోటి మీద చదవనివ్వడం నా వల్ల కాలేదు. అరుస్తున్న నా గొంతు ఆ ఒక్కచోట మూగదై పోయింది.

మర్నాడు చెవి పాఠం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అదే చోట ఆగి, చర్మంలోకి దూకాను. బాపు చెయ్యి లేపి రెండు వేళ్లు విడదీశాడు. ఏమీ తెగలేదని తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్లీ పడుగు వైపు తిరిగాడు. ఆ తర్వాత ఎప్పుడు చెవి పాఠం వచ్చినా అదే చోట ఆయన చెయ్యి లేచేది, నా తల అడ్డంగా ఊగేది. నేను వదిలేస్తున్నది ఏమిటో ఆయనకు తెలియదు, ఏదో వదిలేస్తున్నానని మాత్రం తెలుసు. మా ఇద్దరి మధ్య అంతకు ముందు దాచుకున్నది ఏదీ లేదు. ఖాతాలో అంతమంది మధ్య, అంత చప్పుడులో, నాకు ఒంటరిగా అనిపించేది.

ఫైనలు రాత పరీక్ష బాగానే అయింది. నోటి పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మా టీచరమ్మ పక్కన కూర్చుంది. గాజు బీరువాలో అదే ఎముకల గూడు. ఆయన తన ముందున్న బొమ్మల కట్టలోంచి ఒకటి తీసి నా ముందు పెట్టాడు. చెవి.

నేను మొదలుపెట్టాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు. నా పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. టీచరమ్మ కళ్లు దించుకుంది. నా కళ్ల ముందు జిగురు డబ్బా మెదిలింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఎదురుగా సాంచాలు ఆడుతున్నాయనుకున్నాను. నోరు తెరిచి అరిచాను. ఆ గదిలో సుత్తి, దాగలి, అంకవన్నెల ఇంగ్లీషు పేర్లు కంచు మోగినట్టు మోగాయి. బయట వరసలో నిలబడ్డ అమ్మాయిలు తలుపులోంచి తొంగి చూశారు.

"మెల్లగా అమ్మా, నేను చెవిటివాణ్ణి కాను" అని నవ్వాడు ఆయన.

గొంతు తగ్గించాను గానీ ఆపలేదు. గొట్టం, నీరు, కణాలు. పెద్ద చప్పుడులో అవి చచ్చిపోతాయి. అక్కడికి వచ్చి ఆగాను. అలవాటుగా ఆగిపోయాను.

"ఆ తర్వాత?" అన్నాడు.

"మళ్లీ పుట్టవు. ఆ వినికిడి తిరిగి రాదు" అని ఇంగ్లీషులో చెప్పాను. గొంతుతో చెప్పాను. పరాయి మనిషికి, పరాయి భాషలో, బాపు లేని చోట ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన చాలన్నట్టు తల ఊపాడు. బయటికి వచ్చాక టీచరమ్మ వెనకే వచ్చి నా భుజం తట్టి, "ఇంత గొంతు ఎక్కడ దాచావు? పాసయ్యావు, పో" అంది.

సీటు నిలబడింది. సంతోషంతో ఎగరాలి. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని లింబాయత్ దాకా ఏడ్చాను.

ఆ సాయంత్రం బాపు ఖాతా నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ నా మొహం చూశాడు. పాసయ్యానని చెప్పాను. నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత రెండు వేళ్లు కలిపి విడదీసి, అడిగాడు.

"ఆ తెగిన పోగు అతికినవా?"

దీపం వైపు తిరిగాను. "అతికిన బాపు" అన్నాను. ఆ వాక్యం మొత్తం తెలుగులో చెప్పాను. చచ్చినవి మళ్లీ పుట్టవని, మందు లేదని. ఒక్క మాట మింగకుండా, ఆయనకు స్పష్టంగా కనపడేలా చెప్పాను.

బాపు తల ఊపాడు. "ఎర్కనే బిడ్డా. డాక్టరు ఎన్నడో చెప్పిండు. నువ్వు రెండో తరగతిల ఉన్నప్పుడు."

"మరి రోజూ చెయ్యెందుకు లేపినవ్?"

"తెగిన కాడ ఆపాలె గద. అలవాటు." తువ్వాలు మడత పెట్టి, మళ్లీ నా వైపు చూశాడు. "పరీచ్చ ఒడిసె గద. రేపటి సంది ఖాతాకు రావా?"

ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. మా ఇంట్లో ఆయనతో నేను మాట్లాడేది ఏముంది? అన్నం అయింది, నల్లా వచ్చింది, పోయొస్తా. అమ్మ పోయాక ఒక మనిషి ఆయన వైపు తిరిగి అంతంతసేపు మాట్లాడింది ఆ ఖాతాలోనే. గుండె గురించైనా, మూత్రపిండాల గురించైనా ఆయనకు అది ముచ్చటే. నేనేమో ఇంతకాలం ఒంటరిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను.

మర్నాడు లైబ్రరీకి వెళ్లి గుడ్డ టేపు పుస్తకం తిరిగి ఇచ్చేశాను. "ఇంక ఆ అరతో పని అయిపోయిందా?" అని అడిగింది పెద్దావిడ. లేదని చెప్పాను. నా గొంతు ఆమెకు వినపడింది. వెనక గదిలోకి పోయి, కాలు విరిగిన కుర్చీలు జరిపి, పై వరసలో చేతికందిన లావుపాటి నవల ఒకటి తీసుకుని ముద్ర వేయించుకున్నాను. సాయంత్రం ఖాతాలో బాబిన్ల డబ్బా బోర్లించి, చెవుల్లో దూది పెట్టుకుని, బాపు సందు చివర నుంచి ఇటు తిరిగేదాకా ఆగి, మొదటి పేజీ అందుకున్నాను.